సీటు కింది ఇంజన్, అక్క చేతిలో మీటర్

నిన్న నిజామాబాద్‌లో ఒక మెకానిక్ షెడ్డు ముందు నుంచి నడుస్తుంటే, వేడెక్కిన రేడియేటర్‌లోంచి కూలెంట్ ఆవిరి తియ్యగా ముక్కుకు తగిలింది. చెరుకురసం మొదటి పొంగు వాసనకు అది దగ్గరి చుట్టం. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మాది చందూర్ దగ్గరి పల్లె. చలికాలమొస్తే చెరుకు బండ్లు బోధన్ తొవ్వ పొడుగునా బారులు తీరేవి. రాలిన గడలు ఏరుకొని, పెదవులు చీలేదాకా నమిలి, బెల్లం బట్టీల పొగ జుట్టు నిండా పట్టించుకొని ఇల్లు చేరితే, అవ్వ, అదే మా అమ్మ, జొన్నరొట్టె మీద వేడి పాకం పోసి పెట్టేది. ఆ పాకం ఆమె తమ్ముడి బట్టీ నుంచి చెంబుతో తెచ్చేది. బాపు నడిపే పాత ప్యాసింజర్ వ్యాన్‌లో, ముందు సీటు మీద, చెంబు ఒళ్లో పెట్టుకొని రాణిలాగా కూర్చొని వచ్చేది. ఆ వ్యాన్‌కు ఇంజన్ సరిగ్గా ఆ సీటు కిందే ఉండేది.

ఒక చలికాలం ఆ వ్యాన్ పాడైంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచేది. వేడెక్కగానే నల్లపొగ చిమ్మి, గుంజి గుంజి ఆగిపోయేది. ప్యాసింజర్లు తిట్టుకుంటూ వేరే బండ్లెక్కారు. వేడిని కొలిచే సెన్సర్ చెడిందని మెకానిక్ అంటే బాపు కొత్తది వేయించాడు. ఫలితం లేదు. ఇంజన్ సలసల కాగుతుంటే, సెన్సర్ తీగలో వోల్టు లోపే ఉండాల్సిన రీడింగు రెండు దాటేది. దాంతో బండిలోని కంప్యూటర్ ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకొని పెట్రోలు ఎక్కువ పోసేది.

"దీని రోగం ఎవలు వట్టుకుంటే వాళ్లను నిజామాబాద్ తోల్కవోత" అన్నాడు బాపు.

నిజామాబాద్ అంటే నాకు పెద్ద లైబ్రరీ. బోధన్ లైబ్రరీలో అట్ట చిరిగిన మోటారు పుస్తకాన్ని అప్పటికే నమిలేసినదాన్ని. అక్కకు పుస్తకమంటే నిద్ర, కానీ చెయ్యి వణకదు. అందుకే బాపు వోల్టులు కొలిచే మీటర్ ఎప్పుడూ దాని చేతికే ఇచ్చేవాడు. దాని వేళ్ల మధ్య ఆ ఎర్ర తీగ, నల్ల తీగ చూస్తే నా కడుపు మండేది.

"అక్కా, సెన్సర్‌ను ఇడిసిపెట్టు. నల్లది బ్యాటరీ మైనస్ మీద పెట్టు, ఎర్రది సెన్సర్ మైనస్ తీగ మీద పెట్టు. సున్న రావాలె."

అక్క పెట్టింది. సున్న రాలేదు, వోల్టు దాటింది. బాపు ఆ తీగ వెంట చెయ్యి పోనిచ్చి, బాడీకి బిగించిన బోల్టు దగ్గర ఆగాడు. అంతా బెల్లం జిగురు, తుప్పు, దాని మీద బారు కట్టిన చీమలు. సీటు సందులోంచి అవ్వ చెంబు ఎన్నాళ్ల నుంచి కారుతున్నదో.

"సీమలకెర్కయింది, మీకెర్క గాలె" అని అవ్వ మమ్మల్నే ఎక్కిరించింది.

గీకి బిగించగానే వ్యాన్ మెత్తగా నడిచింది. బాపు అక్క తల నిమిరాడు. "నీ చేతులల్ల ఇల్మ్ ఉన్నది బిడ్డా, ఇద్దె ఉన్నది."

"చెప్పింది నేను గద, బాపూ!"

"నువ్వు చెప్పినవ్. అది వట్టింది."

బాపు వెంట నిజామాబాద్‌కు అక్కే పోయింది. తిరిగొచ్చి లైబ్రరీ మేడమెట్ల గురించి, గాజు బీరువాల గురించి రోజుల తరబడి చెప్పింది. ఒక్కో బీరువాకు నేను ఒక్కోసారి చచ్చాను.

ఇప్పుడు ఆ వ్యాన్ లేదు, బాపు లేడు, అవ్వ లేదు, మా వైపు బట్టీలు ఆరిపోయాయి. ఈ కాలపు బండ్లకు స్కానర్ తగిలిస్తే తెర మీదే రోగం పేరు పడుతుంది; ఒకరు తీగలు పట్టుకొని ఇంకొకరు అంకెలు చదివే పని లేదు. షెడ్డు ముందు నుంచే మాక్లూర్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేసి, ఆ గాజు బీరువాల్లో ఏ పుస్తకాలుండేవని అడిగాను. పడీపడీ నవ్వింది.

"ఏం బీరువలే చెల్లె? నేను లోపటికి వోతెగా! తొవ్వల కడుపుల తిప్పింది. బాపు భుజం మీద తలవెట్టి పోయెటప్పుడు పండుకున్న, వచ్చెటప్పుడు పండుకున్న."

నేను ఫోన్ పెట్టేశాను. బీరువాల మీది కుళ్లు ఆ క్షణమే పోయింది. ఇప్పుడు ఆ నిద్ర మీద మొదలైంది.