మాస్టారు వేసుకోని చుక్కల మందు

మాస్టారు పోయారు. ఈ మాట మీలో చాలామందికి ఈపాటికే వాట్సాప్‌లో చేరి ఉంటుంది, దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు కూడా బారులు తీరి ఉంటాయి. నిజం చెప్పాలంటే ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. బద్ధకం ఒక కారణం. రెండోది, ఒక పెద్దమనిషిని తలుచుకుంటూ రాసేదాంట్లో గంజాయి అన్న మాట రాయాల్సి వస్తోంది. కంగారు పడకండి, ఆయన జన్మలో బీడీ కూడా ముట్టలేదు. కానీ ఆ మాట తీసేసి రాస్తే, ఎవరు పోయినా పనికొచ్చే నాలుగు మంచిమాటలు తప్ప ఆయన గురించి ఏమీ మిగలదు.

ఆ రోజు వాళ్లమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసింది. "అంకుల్, నాన్న ఇక లేరు. సారీ అంకుల్, పొద్దున్నే డిస్టర్బ్ చేశా" అంది. తండ్రి పోయిన పిల్ల నాకు సారీ చెప్పింది. ఈ అమెరికాలో కొన్నాళ్లుంటే ఆ మాట తుమ్ములాగా దానంతటదే వచ్చేస్తుంది. నాకూ వస్తుంది. పదో తరగతితో చదువు ఆపేసి, ఇక్కడ మా అక్కావాళ్ల గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక నిలబడి, అమ్ముడుపోని పేపర్లు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. నేను మొదట నేర్చిన ఇంగ్లీషు ముక్క సారీయే. సరే, నా సంగతి ఎందుకు.

ఆయన్ని మాస్టారు అనేవాళ్లమే గానీ, బడిలో ఒక్కపూటైనా పాఠం చెప్పిన మనిషి కాదు. ఏలూరులో కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. కూతురు గ్రీన్‌కార్డు తెప్పిస్తే భార్యాభర్తలిద్దరూ రెడ్‌మండ్ వచ్చారు. అలా వచ్చిన మాలాంటివాళ్లకి ఐదేళ్లయ్యాక పౌరసత్వం పరీక్ష ఉంటుంది. ఒక ఆఫీసరు ఎదురుగా కూర్చుని ఇంగ్లీషులో ప్రశ్నలు అడుగుతాడు. నెగ్గితే, ఒక హాల్లో అందరినీ నిలబెట్టి కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయిస్తారు. ఆ పరీక్షంటే మావాళ్లకి హడలు. మాస్టారు ముందు తను చదువుకుని, తర్వాత ఇంట్లో అక్కయ్యగారికి, అంటే ఆయన భార్యకి, చెప్పడం మొదలుపెట్టారు. పక్కింటి పెద్దావిడ వచ్చి కూర్చుంది. ఆవిడ వియ్యపురాలూ వచ్చింది. చూస్తుండగానే అది లైబ్రరీ గదిలో శనివారం క్లాసయి కూర్చుంది.

ఆయన ఫ్లాస్కు నిండా ఫిల్టర్ కాఫీ తెచ్చేవారు. డికాక్షన్ స్వయంగా తీసేవారు, ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు. తీయగా మిగిలిన పిప్పిని కూడా పారేసేవారు కాదు, వంటింటి కిటికీలో ఉన్న కరివేపాకు కుండీకి వేసేవారు. ఆ మొక్క బతికింది కాఫీ వల్లో, మమకారం వల్లో చెప్పలేను. రెడ్‌మండ్ వానల్లో కరివేపాకు బతకడమే ఒక వింత.

ఓసారి తెనాలి నుంచి వచ్చిన ఒకావిణ్ణి అడిగారు. "ఈ దేశంలో అన్నిటికన్నా పెద్ద చట్టం ఏదమ్మా?"

"మా కోడలండీ" అందావిడ.

గదంతా గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "అది ఇంటి చట్టం. దాని మీద అప్పీలు కూడా లేదు. దేశం సంగతి చెప్పండి."

"కాన్‌స్టిట్యూషన్."

"ఆఁ. మరి రాష్ట్రం ఒకటి చెప్పి, దేశం ఇంకోటి చెప్తే?"

"ఎవరు దగ్గరుంటే వాళ్ల మాట వినాలండీ."

"తప్పు. దేశానిదే గెలుస్తుంది. రాసుకోండి."

అందరం రాసుకున్నాం. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి ఆయన చివర్లో మూడే ముక్కలు చెప్పేవారు. "అడిగింది వినండి. ఉన్నది చెప్పండి. ఆపేయండి." ఆ మూడోది నాకు పట్టుబడలేదని ఈపాటికి మీకు తెలిసిపోయే ఉంటుంది.

నేను ప్రమాణం చేసిన రోజున ఆయన కోటు వేసుకుని వచ్చి బంధువుల వరసలో కూర్చున్నారు. నా ఫోటో తీశారు, అందులో చెయ్యి వచ్చింది గానీ మొహం రాలేదు. బయటికొచ్చాక "మరి మీదెప్పుడు మాస్టారూ?" అన్నాను. ఆయనకి ఐదేళ్లు అప్పటికే నిండాయి.

"మా ఆవిడకి ప్రశ్నలన్నీ రానివ్వండి. ఇద్దరం ఒకేసారి చెయ్యెత్తుతాం."

అక్కయ్యగారికి ప్రశ్నలన్నీ వచ్చాయి. అవి వచ్చిన ఏడాదే కడుపులో క్యాన్సర్ అన్నారు. కీమో మొదలయ్యాక ఆవిడ నోట్లో ఏదీ నిలిచేది కాదు. నొప్పికి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకునేవారు. అప్పుడు డాక్టరు గంజాయి చుక్కల మందు వాడి చూడమంది.

మా రాష్ట్రంలో గంజాయి అమ్మే కొట్టు కూరగాయల కొట్టంత మామూలు. మందుగా వాడేవాళ్లకి వేరే పద్ధతుంది. డాక్టరు కాగితం రాయాలి, రోగి తరఫున కొని తెచ్చే మనిషి పేరు కూడా అందులో ఉండాలి. కొట్టులో అందుకోసం చదువుకున్నవాళ్లుంటారు, వాళ్లు ఇద్దరి పేర్లూ రాష్ట్రం రికార్డులోకి ఎక్కించి ఫోటో తీసి కార్డులిస్తారు. నేనే డ్రైవ్ చేశాను. అక్కయ్యగారిని వీల్‌చెయిర్‌లో దింపాం. తలుపు దగ్గర ఒకడు నా వయసు రుజువు చూపించమన్నాడు. నెత్తి మీద నల్లవెంట్రుక లేని మనిషిని! నాకు భలే సంబరమేసింది. లోపల నీలం రంగు జుట్టు పిల్ల మాకు అన్నీ ఓపిగ్గా చెప్పింది.

"ఆ పిల్ల తల మీద సిరా ఒలికిందా ఏంటండీ?" అని అక్కయ్యగారు తెలుగులో అడిగారు.

"ఊరుకోవే, కెమెరా చూడు."

"ఇన్నేళ్లూ కిళ్లీ వేసుకుంటేనే గొడవ చేశారు. ఇప్పుడు చేయి పట్టుకుని ఎక్కడికి తీసుకొచ్చారో చూడండి!"

మాస్టారు ఆ కార్డుని పర్సులో గ్రీన్‌కార్డు పక్కన పెట్టుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం ఫోటోతో ఇచ్చిన కార్డాయె. చుక్కలు నాలుక కింద వేయించిన మూడో రోజున అక్కయ్యగారు దొండకాయ వేపుడు అడిగారు. ఆ చలికాలమంతా లేచి కూర్చుని అన్నం తిన్నారు. వసంతం రాకుండా పోయారు.

కొన్నాళ్లకి మాస్టారు తన అప్లికేషన్ పెట్టుకుందామని లాయరు దగ్గరికి బయల్దేరారు. కారు నాదే. లాయరు మన కుర్రాడే. అన్నీ విని, కార్డు చూసి, మొహం మాడ్చుకున్నాడు.

"సార్, ఈ కార్డు ఎవరికీ చూపించలేదు కదా?"

"చూపించడానికే కదా ఇచ్చారు?"

"స్టేట్‌కి ఇది మందు సార్. ఫెడరల్‌కి ఇది డ్రగ్. మీరు కొని ఇంకొకరికి ఇచ్చారు. ఫామ్‌లో సరిగ్గా ఆ క్వశ్చనే ఉంది."

"ఇంకొకరికి కాదు బాబూ. మా ఆవిడకి."

కుర్రాడు కార్డు తిరిగిచ్చేశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆఖరిసారి కొన్నప్పటి నుంచి ఐదేళ్లు దాని జోలికి పోకుండా ఉంటే అప్పుడు ప్రయత్నం చేయొచ్చు, అప్పుడైనా గ్యారంటీ ఇవ్వలేను. అప్పటిదాకా దేశం దాటొద్దు, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో అడిగితే చిక్కు. మధ్యలో ఒక్కసారి వాడినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే అక్కయ్యగారి అస్థికలు కూతురొక్కతే గోదావరికి తీసుకెళ్లింది.

ఆ రోజు లాయరు దగ్గర్నుంచి తిరిగొస్తూ కారులో మాస్టారు కార్డుని మళ్లీ పర్సులో పెట్టుకున్నారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు "రాష్ట్రం ఒకటి చెప్పి, దేశం ఇంకోటి చెప్తే..." అని ఆగిపోయారు. మిగతాది ఇద్దరికీ వచ్చు.

నేను ఊరుకోలేదు. "నో అని పెట్టేయండి మాస్టారూ. ఎవడు చూడొచ్చాడు?"

"మీ ఇంటర్వ్యూకి ముందు మీకేం చెప్పాను?"

"అడిగింది వినండి, ఉన్నది చెప్పండి..."

"మరింక నన్నెందుకు చంపుతారు?"

ఆ తర్వాత ఆయన శనివారం క్లాసు ఒక్కటి మానలేదు. ఎంతమంది చేత చెయ్యెత్తించారో, అన్ని ప్రమాణాలకీ అదే కోటుతో వెళ్లి బంధువుల వరసలో కూర్చున్నారు. పేపర్లో ఏదైనా వార్త వస్తే నేను ఆయన దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. అటు దేశ రాజధాని పేరూ వాషింగ్టనే, ఇటు మా రాష్ట్రం పేరూ వాషింగ్టనే, ఒకే పేరు పెట్టుకున్నవాళ్లు ఒక్క మాట మీదకి రాలేరా అని నా వాదన. "గంజాయి మీద చట్టం మారుస్తారట మాస్టారూ!" అంటే, ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ "మారుస్తారు అంటే వార్త. మార్చాక రండి" అనేవారు.

ఇంకో వేసవి దాటితే ఐదేళ్లు నిండుతాయనగా ఆయనకీ క్యాన్సర్ వచ్చింది. ప్రోస్టేట్‌లో మొదలై ఎముకల్లోకి దిగింది. అదే డాక్టరు అదే మందు రాస్తానంది. వద్దన్నారు. బదులుగా ఇచ్చిన నొప్పిమాత్రలకి దేశమూ ఒప్పుకుంటుంది, రాష్ట్రమూ ఒప్పుకుంటుంది, ఆయన ఒళ్లే ఒప్పుకోలేదు. వేసుకుంటే వాంతులు, లేకపోతే ప్రశ్న అడుగుతూ అడుగుతూ మధ్యలో నిద్ర. అందుకని శనివారాలు వేసుకోవడం మానేశారు. బల్ల అంచు పట్టుకుని నిలబడి పాఠం చెప్పేవారు. తెనాలి ఆవిడ, అప్పటికి పౌరురాలై కూడా, ఆయన్ని చూడ్డానికే క్లాసుకొచ్చేది. "కూర్చోండి మాస్టారూ, కూర్చుని తిట్టినా మాకు వినపడుతుంది" అనేది.

చూడలేక నేనే ఆ కొట్టుకి వెళ్లాను. పౌరుణ్ణి, ఆయన చేసిన పౌరుణ్ణి, నాకేం భయం? అక్కయ్యగారికి కొన్న మందే ఒక సీసా కొని, వాళ్లింట్లో వంటింటి బల్ల మీద పెట్టాను. కూతురు తండ్రి పక్కన నేల మీద కూర్చుంది.

"నాన్నా, ప్లీజ్. ఎవరికోసం ఇదంతా?"

ఆయన సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, దాని మీద రాసిందంతా చదివారు. ఏది చేతికొచ్చినా పూర్తిగా చదవనిదే కింద పెట్టే మనిషి కాదు.

"మీ అమ్మ ప్రశ్నలన్నీ నేర్చుకుంది. ఒక్కటీ ఎవరూ అడగలేదు" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "అదిగో, ఆ కాఫీ ఫిల్టర్ పక్కన పెట్టండి. ప్రమాణం చేసిన రోజు ఇంటికొచ్చి వేసుకుంటాను."

"అప్పటిదాకా నొప్పో?" అన్నాను.

"నొప్పి గురించి ఫామ్‌లో అడగలేదు" అన్నారు.

వేసవి రాలేదు. అంటే ఊరికి వచ్చింది, ఆయనకి రాలేదు. చివరి వారాల్లో ఇంటికొచ్చి చూసే నర్సులు మార్ఫిన్ మొదలుపెట్టారు. అంతకుముందు గడిచిన నెలలు ఆయన ఎలా గడిపారో ఆ ఇంటి గోడలకి తెలుసు. కూతురు చెప్పదు, నేను అడగను.

ఇందులో నీతి ఏమైనా ఉందేమోనని వెతికాను. నాకు కనపడలేదు, మీకు కనపడితే మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆయన పౌరుడయ్యేవారేమో, ఆ చుక్కలు వేసుకుని కాస్త కునుకు తీసేవారేమో. చట్టం రాసినవాళ్లకి ఆయన ఉన్నట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు. అక్కడ ఆ చట్టం అలాగే ఉంది, ఇక్కడ ఆ కొట్టు అలాగే ఉంది. నాకు మాత్రం పౌరసత్వం ఉంది, ఆయన పెట్టిన భిక్ష. నవంబర్ ఎన్నికలకి ఇంటికే బ్యాలెట్ వస్తుంది. నింపుతాను. ఎవరు గెలిస్తే ఏం మారుతుందో మటుకు నన్నడక్కండి.

పదకొండో రోజు అయ్యాక వాళ్లమ్మాయి ఆ సీసా నా చేతిలో పెట్టింది. సీలు తీయలేదు. తిరిగి కొట్టుకి తీసుకెళ్లాను. జుట్టు ఈసారి ఆకుపచ్చగా ఉంది గానీ, పిల్ల ఆ పిల్లే. "సారీ, అమ్మింది తిరిగి తీసుకోవడానికి రూల్స్ ఒప్పుకోవు" అంది. ఏం చేయమంటావంటే, వాడేసిన కాఫీ పొడిలో కలిపి, సంచిలో కట్టి చెత్తలో వేయమంది.

మాస్టారి ఇంటికి వెళ్లాను. ఫిల్టర్‌లో ఆ పొద్దున కూతురు తీసిన డికాక్షన్ పిప్పి ఉంది. సీలు విప్పి చుక్కలన్నీ అందులో ఒంపి, చెంచాతో కలిపి, సంచిలో మూటగట్టాను. ఆ రోజు కరివేపాకు కుండీకి ఏమీ వేయలేదు. మూట తీసుకెళ్లి రోడ్డు పక్కన డబ్బాలో వేశాను. గురువారం చెత్త లారీ వచ్చింది. పక్కనుంచి ఇనుపచెయ్యి చాపి, డబ్బాని ఎత్తి, వంచి, కింద పెట్టి, పక్కింటికి వెళ్లింది.