జామ ఆకులకు ఆముదం

నా చిన్నప్పుడు శంషాబాద్‌లో విమానాల మోత ఎక్కడిది? మా ఇంటి చుట్టూ జొన్న చేలే. ఆ రోజుల్లో నాదంటూ ఉన్నది ఒక్క జామ మొక్క. కొత్వాల్‌గూడలో ఉండే మా అమ్మమ్మ తన చేత్తో పెంచి ఇచ్చింది. ఇచ్చిన ఏడాదే ఆమె పోయింది. బడి నుంచి రాగానే నేను ముందు దాని దగ్గరికే వెళ్లేదాన్ని. పెంట ఎరువు వేసి, నీళ్లు పోసి, మొక్క మట్టి తినే పెరుగుతుందని గట్టిగా నమ్మేదాన్ని.

మా నాన్న తమ్ముడు, మా చిన్నాయన, పట్నంలో డిగ్రీ చదివేవాడు. సెలవులకు వస్తే నన్ను భుజం మీంచి దింపేవాడు కాదు. ఒక ఆదివారం అమ్మ నా తలకు నూనె పెడుతుంటే, ఆయన ఆముదం గిన్నె తీసి నా చేతిలో పెట్టాడు.

“నీకేనా నూనె? నీ చెట్టుకు ఒద్దా? ఆకులకు రాయి బిడ్డా. మీద గాదు, కింది దిక్కు. మంచిగ పెరుగుతది.”

మురిసిపోయాను. ఒక్క ఆకు వదలకుండా వేలితో పట్టించాను. అసలే ఎండాకాలం. ఆకులు పసుపెక్కి రాలిపోయాయి, మళ్లీ చిగురు రాలేదు. ఏడుస్తూ పోతే చిన్నాయన నవ్వాడు.

“ఇగ సమజైందా? చెట్టు మట్టి తిని బతుకదు. ఆకు కింద సన్నటి నోర్లుంటయి. మనం ఇడిసిన గాలిని ఆటితోనే గుంజుకుంటది. మట్టిలకెల్లి ఏర్లు తెచ్చిన నీళ్లు, ఎండ ఎలుతురు కలిపి తిండి చేసుకుంటది. గా గాలే కట్టె అయితది. నోర్లు మూస్తే ఏం తింటది?”

“నీకు ముందే ఎర్కనా?” అన్నాను.

“ఎర్కనే. ఉత్తగ చెప్తే నమ్ముతవా?”

నాకు ఒళ్లు మండిపోయింది. పెరట్లో గన్నేరు లేదా, బీర తీగ లేదా? ఒక్క ఆకుకు రాయించినా నాకు అర్థమయ్యేది. ముద్దు చేస్తున్నట్టే చేసి, నా మొక్కను నా చేత్తోనే చంపించాడు. అమ్మమ్మ పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. అప్పుడు నన్నెవరూ మోసం చేయలేదు మరి.

ఆయన చెప్పింది మాత్రం నిజం. విమానాశ్రయం రోడ్డు పక్కన దుమ్ము పట్టిన ఆకులను చూస్తే, పాపం వీటికి ఊపిరాడుతోందా అని ఈనాటికీ ఆగి చూస్తాను. ఆ చూపు నాకిచ్చింది ఆయనే, కాదనను.

చిన్నాయన ఇప్పుడు పండు ముసలి. మొన్న చూడటానికి వెళితే, నా వెంట వచ్చిన మనవరాలిని దగ్గరికి పిలిచాడు. “దా బిడ్డా, నీకొక తమాషా చూపిస్త” అన్నాడు. పిల్ల సంబరంగా పరిగెత్తబోయింది. నాకు తెలియకుండానే దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.