గడగడ తిప్పింది నేనే

యాభై ఏళ్లుగా ఒక మాట నాలోనే దాచుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నవ్వొస్తే నవ్వండి. ఆ సాయంత్రం తలచుకుంటే నాకూ ముందు నవ్వే వస్తుంది.

నిజాం రోజులు. గద్వాల నుంచి పట్నం కాలేజీకి వెళ్లిన మేమంతా దసరా సెలవులకు ఇంటికొచ్చి, అదే కాలేజీలో చదివే వనపర్తి వాళ్లతో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. నాకు ఆట రాదు. బంతి నా వైపు వస్తే నేనే పక్కకు తప్పుకునేవాణ్ణి. కానీ గడగడ నాది. పట్నంలో కాలేజీ ఆటల దగ్గర అలాంటిది చూసి, మా మగ్గాలు బాగుచేసే వడ్రంగి చేత చేయించాను. పిడి పట్టుకుని తిప్పితే పళ్ల చక్రం మీద సన్నటి చెక్క కొట్టుకుంటూ మైదానమంతా గడగడలాడించేది. అది మోగితే మావాళ్ల కాళ్లకు ఊపు వచ్చేది. మగ్గం గుంటల్లోంచి లేచి ముసలివాళ్లు కూడా ఆట చూడటానికి వచ్చేవారు. ఆట రాని నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆ ఏడు ఆట నడిపింది నరహరి సార్, చిన్నప్పుడు మా అందరికీ డ్రిల్లు నేర్పిన మాస్టరు. ఆట సగంలో ఆయన ఈల పగిలింది. నన్ను పిలిచారు.

"టైం అయినంక నేను చెయ్యి లేపుత. లేపంగనే నువ్వు తిప్పు. గది మోగితే ఆట అయిపోయినట్టేనని అందరికి చెప్పిన. గప్పటిదాక మోగొద్దు."

అంత గౌరవం నాకెప్పుడూ దక్కలేదు.

మేము ఒక గోలు ముందున్నాం. చివర్లో వనపర్తి జట్టులోని బాలస్వామి, పాన్‌గల్ రైతు కొడుకు, బంతితో ఒంటరిగా దూసుకొచ్చాడు. మా గోల్‌కీపరు అప్పటికే బోర్లా పడి ఉన్నాడు. అందరూ గోలు వైపు చూస్తున్నారు. నేను మాత్రం సార్ వైపు చూస్తున్నాను. ఆయన చేతులు రెండూ నడుం మీదే ఉన్నాయి.

తిప్పాను.

బాలస్వామి బంతిని వదిలేసి ఆగిపోయాడు. జనం మైదానంలోకి ఉరికారు. ఆ సందడిలో సార్ నా దగ్గరికి వచ్చారు.

"నేను చెయ్యి లేపిన్నా?"

"లేపిండ్రు సార్."

"నాకు యాదికి లేదు బిడ్డా."

"నేను సూసిన సార్."

ఆయన తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నారు. "గట్లనే అయ్యుంటది" అని నవ్వి, నా భుజం తట్టారు.

ఎందుకు తిప్పాను? ఊరి కోసమా? చెయ్యి దానంతటదే తిరిగిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. జీవితంలో ఒక్కసారైనా గోలు ఆపినవాడు నేనే కావాలనుకున్నాను, అంతే.

ఆ సాయంత్రం రెండు జట్లూ మా ఇంటి అరుగు మీద కూర్చుని బచ్చాలు, అవే బొబ్బట్లు, తిన్నాయి. మా అమ్మ నెయ్యి పోస్తూనే ఉంది. బాలస్వామి గడగడను అటూ ఇటూ తిప్పి చూసి, "వచ్చేయేడు మేం గూడ ఒకటి చేయించుకుంటం" అన్నాడు. అన్నట్టే చేయించుకున్నారు. మరుసటేడు రెండు గడగడలు పోటీపడి మోగాయి. అంత మంచి ఆట నేను మళ్లీ చూడలేదు.

కానీ నడిపింది నరహరి సార్ కాదు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. "చెయ్యి లేపిన సంగతే నాకు తెల్వకపాయె, ఇంక నేనేం నడుపుత" అని నవ్వేశారు. జనంలో నా పక్కనే కూర్చుని పల్లీలు ఒలిచి నా చేతిలో పెట్టారు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆయన చెవి నా నోటికి అంత దగ్గరగా ఉంది. చెప్పలేదు. పల్లీలు తిన్నాను.

ఆయన జ్ఞాపకశక్తికి ఏ లోటూ రాలేదు. చివరిదాకా ప్రతి శిష్యుణ్ణీ ఇంటిపేరుతో పిలిచారు. ఆ ఒక్క విషయంలోనే తనను తాను నమ్మకుండా, నన్ను నమ్మారు.

క్షమించాల్సిన మనిషి ఇప్పుడు లేరు. మిమ్మల్ని క్షమించమనీ అడగను. ఆ సాయంత్రపు ఆనందం నాలో ఇప్పటికీ తగ్గలేదు, అదీ ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్లూ రాయలేని వాక్యం ఒక్కటే. రాస్తుంటే చెయ్యి తేలిగ్గా ఉంది.

నరహరి సార్ ఆ రోజు చెయ్యి లేపలేదు.