లింకు లేని పాట

ఆ పొద్దున మా పెద్దబాపుకు "లింకు పంపు, ఎన్నిసార్లు చెప్పాలె?" అని మెసేజ్ కొడుతుండగా ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. "బాపు లేస్తలేడు చెల్లె. నిద్రలనే పోయిండు" అన్నాడు. కరీంనగర్‌లో బస్సెక్కి సిరిసిల్లలో దిగేదాకా ఆ మెసేజ్ సగంలోనే ఉంది.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. ఆయన బతుకంతా ఆ సాంచాల మధ్యే గడిచింది. చెవులు సగం పోయినా పాటల పిచ్చి మాత్రం పోలేదు. అన్న దుబాయ్ నుంచి తెచ్చిన కొత్త ఫోను మాట్లాడటానికి, అద్దం పగిలిన పాతది పాటలకు. కొత్త గొంతు ఏదైనా దొరికితే పాత ఫోనులో మోగించి, కొత్త ఫోను దాని పక్కన పెట్టి, రికార్డు చేసి నాకు పంపేవాడు. అదీ కార్ఖానాలో, సాంచాలు నడుస్తుండగా! నాకు వచ్చేదంతా టకటకా టకటకా. పాట ఎక్కడో బావి అడుగున ఉన్నట్టుండేది.

బాణం గుర్తు నొక్కితే లింకు వస్తుందని ఎన్నోసార్లు చూపించాను. చూపించినప్పుడల్లా తలూపేవాడు.

"లింకుతోని ఏం పని బిడ్డా? పాట ఇన్నవా లేదా?"

"సాంచాలు ఇన్న."

"జర మనసు వెట్టి ఇను, ఇనవడ్తది."

ఆ మాటకు నాకు ఒళ్లు మండేది.

కానీ వెతకడంలో ఆయన తోవే వేరు. పైన వచ్చే పాటలను ముట్టేవాడు కాదు. వేలు కిందికి, ఇంకా కిందికి జరుపుతూ పోయి, ఎవరూ వినని పాట దగ్గర ఆగేవాడు. "పెద్ద పాటలు అవ్వే మనింటికొస్తయి. చిన్నయి మనమే వొయ్యి పలకరియ్యాలె" అనేవాడు. మంథని దిక్కు నాట్లేస్తూ పాడే ముసలమ్మను అట్లనే పట్టుకున్నాడు. పాట కింద ఏమీ రాసేవాడు కాదు, ఒక దండం బొమ్మ పెట్టి వచ్చేవాడు. నాకు తెలిసిన నాలుగు మంచి గొంతులూ ఆయన పెట్టిన భిక్షే.

పోయే ముందురోజు పంపిన ఆఖరి రికార్డు మొదట్లో ఆయన మాట ఉంది. "భైంసా దిక్కు పిల్లనట. మాటల మరాఠీ కలుస్తది. ఏం గొంతు బిడ్డా!" తర్వాత సాంచాలు. ఆ సాయంత్రం అన్నం తింటూ ఆయన భార్యకు, అంటే మా పెద్దవ్వకు కూడా ఆ పిల్ల గురించి చెప్పాడట. "పొద్దుగాల ఇనిపిస్త" అన్నాడట. ఆ పొద్దుగాలే ఆయన లేవలేదు.

ఏడుపులు కాస్త తగ్గాక పెద్దవ్వ నన్ను పిలిచింది. "దినాలు అయ్యేలోపల గా పాట నాకు ఇనిపియ్యి బిడ్డా. ఫోన్లల్ల నీకు అన్నీ ఎర్కనే గదా."

ఏం ఎరుక! శవం లేచాక ఇల్లు కడగాలి కదా. ఆ కడగడంలో ఎవరో పాత ఫోను మీద బిందెడు నీళ్లు గుమ్మరించారు. అది మళ్లీ వెలగలేదు. నా ఫోనులో వెతికాను. భైంసా పాట అంటే డీజే మిక్సులు వచ్చాయి. మరాఠీ కలిసిన తెలుగు పాట అంటే బరాత్ స్టెప్పులు వచ్చాయి. దండం బొమ్మను బట్టి పట్టుకుందామనుకుంటే, ఏ పాట కింద చూసినా దండాలే. విని పాట పేరు చెప్పే యాప్‌కు వినిపిస్తే, అది సాంచాలను విని ఏదో విదేశీ డ్రమ్ముల బృందం పేరు చెప్పింది. ఆ రోజు నుంచి నాకు 'నిద్ర పట్టడానికి యంత్రాల చప్పుడు' చూపిస్తోంది! లోకంలోని పాటలన్నీ అరచేతిలోనే ఉన్నాయంటారు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. పోయినాయన మీద కూడా కోపం వచ్చింది. ఒక్క లింకు పంపితే ఏం పోయేది?

దినాల నాడు భోజనాలయ్యాక పెద్దవ్వ పక్కన కూచుని "దొరకలే పెద్దవ్వా" అన్నాను. ఉక్రోషంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"గాయన పంపిందే వెట్టు."

"సాంచాల చప్పుడే ఉంటది."

"ఉండనియ్యి. వెట్టు."

స్పీకర్ పెట్టి ఫోను ఆమె చేతికిచ్చాను. టకటకా టకటకా. మొత్తం ఇదే రొద అనుకుని నేను ఏనాడూ చివరిదాకా వినలేదు. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. కార్ఖానాలో కరెంటు పోయినట్టుంది. ఇప్పుడు పాట దొరుకుతుంది, రెండు మాటలు దొరికినా వెతుక్కోవచ్చని ఊపిరి బిగబట్టాను.

దొరకలేదు. ఆ పిల్ల గొంతు మీద ఇంకో గొంతు ఉంది. బొంగురుగా, రాగం తప్పుతూ, తెలియని మరాఠీ ముక్కల దగ్గర గొణుగుతూ, పెద్దబాపు పాడుతున్నాడు. ఆయన పాడతాడని మాకెవరికీ తెలియదు. సాంచాలు నడుస్తుంటే ఎవరికి వినపడుతుంది? అంతలో కరెంటు వచ్చింది. టకటకా మళ్లీ మొదలై ఇద్దరి గొంతులనూ మింగేసింది.

పెద్దవ్వ ఫోను చెవికి ఆనించుకుని అట్లాగే కూచుంది.

"మల్ల వెట్టు బిడ్డా," అంది. "కరెంటు వొయ్యినకాడికెల్లి."