వందకి ఎంత భయం?

వారానికి ఒకరోజు అరకులో కౌన్సెలింగ్ చేస్తాను. పొద్దున్నే విజయనగరంలో బస్సెక్కి ఘాట్ రోడ్డు మీదుగా పైకి వెళ్లి, సాయంత్రానికి దిగిపోతాను. చదువుకునే రోజుల్లో అన్ని చికిత్సా పద్ధతుల్లోనూ మంచి మార్కులే వచ్చాయి కాబట్టి, ఎలాంటి మనసునైనా చక్కదిద్దగలనన్న పొగరు నాకు బాగానే ఉండేది. ఆ పొగరు దించినవారు ఇనుప సామాను కొట్టు పెట్టుకున్న ఒక షావుకారుగారు.

ఆయనకి యాభై అయిదేళ్లుంటాయి. మూడేళ్ల కిందట ఘాట్‌లో ఆయన ఎక్కిన జీపుకి బ్రేకులు పడక, వెళ్లి గట్టుకి గుద్దుకుంది. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన మళ్లీ కొండ దిగలేదు. ఈలోగా విజయనగరంలో ఉన్న కూతురికి ఆడపిల్ల పుట్టింది. భార్య పురిటికని దిగి అక్కడే ఉండిపోయింది. కూతురు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "నీకు బయ్యం కాదు నాన్నా, కొట్టు వదల్లేక వంకలెడతన్నావు. నువ్వొచ్చేదాకా గుంటకి పేరెట్టను." పాపకి మూడో నెల వచ్చినా పేరు లేదు. ఇంటిల్లిపాదీ "గుంట" అనే పిలుస్తున్నారు.

"అది నన్ను నమ్మట్నేదు మేడమ్" అని చెప్పి ఆయన నా ముందే కళ్లు తుడుచుకున్నారు. పాపం అనిపించింది. దానికంటే ఎక్కువగా, మంచి కేసు దొరికిందనిపించింది.

ముందు మా గురువుగారి పద్ధతి మొదలుపెట్టాను. భయాల మూలాలు చిన్నతనంలో ఉంటాయి కదా, "మీ నాన్నగారు మీతో ఎలా ఉండేవారు?" అని అడిగి, నోటుపుస్తకం తెరిచి, నిశ్శబ్దంగా ఎదురుచూశాను. ఆయన ఆలోచించి చెబుతానన్నారు. మరుసటి వారం ఎనభై దాటిన తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టారు. "నాకంత గుర్తు నేదు మేడమ్. ఈయన్నే అడిగీండి" అన్నారు.

ముసలాయన నన్నూ, నా పుస్తకాన్నీ అనుమానంగా చూశారు. "ఏటమ్మా, మావోడు ఏటి సేసీసినాడు?"

ఆ పూటంతా కొడుకు ఏ తప్పూ చేయలేదని ఆ పెద్దాయనకి నచ్చజెప్పడానికే సరిపోయింది.

సరే, ఆలోచనలు మార్చే పద్ధతికి వచ్చాను. కాగితం మధ్యలో గీత గీసి, బండి లోయలో పడుతుందనడానికి ఆధారాలు ఒకవైపు, పడదనడానికి ఆధారాలు రెండోవైపు రాయమన్నాను. మొదటివైపు నిండి, వెనక పేజీలోకి పాకింది. ఏ మలుపులో లారీ జారిందో, ఏ వంతెన దగ్గర వాన రాత్రి వ్యాను పక్కకి ఒరిగిందో, అన్నీ వరసగా రాసేశారు. రెండోవైపు ఒక్క ముక్కే ఉంది: "మేడమ్‌గారు పడదన్నారు." ఆ సాయంత్రం బస్సులో కొండ దిగేటప్పుడు ఆయన రాసిన ఒక్కో మలుపునీ గుర్తుపడుతూ, ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

ఇక మిగిలింది భయాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొనే పద్ధతి. ఆగి ఉన్న బస్సులో ఆయన్ని కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చుని, "వందకి ఎంత భయం?" అని అడగాలి. భయం దానంతటదే తగ్గేదాకా కదలకూడదు.

"తొంబై."

పావుగంట ఆగి మళ్లీ అడిగాను.

"ఎనబై అయిదు."

"డెబ్బై అనుకోవచ్చా?"

"గిట్టదు మేడమ్. మీరు కాబట్టి ఎనబై."

సంతోషంగా ఎనభై అని రాసుకున్నాను. తర్వాతి వారం అరవై, ఆ పై వారం నలభై. కొండ మీదే ఉన్న అనంతగిరి దాకా బస్సులో వెళ్లొచ్చేసరికి ముప్ఫై. గ్రాఫు గీసుకుని మురిసిపోయాను. సంతలో అల్లం బేరమాడినట్టు మేమిద్దరం ఆయన భయాన్ని బేరమాడుతున్నామని నా చదువుకి తట్టలేదు.

ఆఖరి మెట్టు విజయనగరం ప్రయాణం. అనంతగిరి దాటి అసలు ఘాట్ మొదలైందో లేదో, ఆయన మొహం తెల్లబడిపోయింది. "ఆపండి బాబూ, ఆపండి" అని అరిచి, బస్సు ఆగగానే దిగి గట్టు మీద కూలబడ్డారు. నేనూ దిగాను. వాంతి చేసుకుంటుంటే నీళ్లిచ్చాను. లోపలి నుంచి కండక్టరు, "బేగి రండి, సంత జనం ఉన్నారు" అని కేకలేస్తున్నాడు.

"ముప్ఫై అన్నారు కదండీ!" అన్నాను. నిజం చెప్పాలంటే కసిరాను.

"మీరంత ముచ్చటపడి అడుగుతుంటే ఎలాగ కాదంటాను మేడమ్?" నోరు తుడుచుకుని నా చేతుల వైపు చూశారు. సీసా మూత పెట్టబోతుంటే అది చేతిలో నిలవడం లేదు. "మీకెంత?" అన్నారు.

"తొంభై అయిదు" అన్నాను. మరి ఆయన రాసిన ప్రమాదాల జాబితా అంతా నాకూ కంఠతా వచ్చేసింది.

ఆయన తెల్లబోయారు. "మరి వారం వారం ఎలాగొస్తన్నారు?"

"భయపడుతూనే వస్తున్నానండీ. ఏం చేయను, ఉద్యోగం."

ఆయన లేచి బస్సెక్కారు. కిందికి చేరేలోపు మరో రెండుసార్లు వాంతి చేసుకున్నారు. నా చున్నీ కొసని చంటిపిల్లాడిలా గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు. ఈసారి ఆయన్ని ఏ అంకే అడగలేదు.

కూతురి ఇంటి గుమ్మంలో ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ద్వారబంధం పట్టుకున్నారు. ఏదో గట్టిగా అడగాలని సిద్ధమై వచ్చిన ఆ అమ్మాయి ఆయన్ని చూసి ఆగిపోయింది. కొంగుతో ఆయన మొహం తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఏడ్చేసింది.

"నిజంగానే బయ్యమా నాన్నా? ఇంత బయ్యంతోటి వచ్చీసినావా?"

ఆయన తలూపారు. నేను వాకిట్లోనే నిలబడిపోయాను. నాకు సిగ్గేసింది. నా చికిత్స ఫలించి ఆయన నవ్వుతూ దిగి ఉంటే, ఆ పిల్ల తండ్రిని ఎప్పటికీ నమ్మి ఉండేది కాదు.