ఎదురుకాళ్ల పిల్ల

నిన్న బియ్యం డబ్బా జరపబోతే నడుం కలుక్కుమంది. మా కోడలు పరిగెత్తుకొచ్చి ఏదో స్ప్రే కొట్టింది. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, డెబ్భైల నాటి తిరువూరులో మా పెరడూ, మూకుట్లో ఉప్పేసి ఉడికించే చింతపండు వాసనా, పెనం మీద వెచ్చబెట్టిన వావిలాకు వాసనా, ఆముదం జిడ్డూ అన్నీ ఒక్కసారిగా చుట్టుముట్టాయి.

కాలు బెణికినా చెయ్యి మడతపడినా వీధి వీధంతా మా నాయనమ్మ దగ్గరకే వచ్చేది. తొక్కుడుబిళ్లాటలో మడమ తిప్పుకున్న పిల్లలు, నాట్లకు వంగి లేవలేక వినగడప నుంచి బస్సెక్కి వచ్చిన ఆడవాళ్లు, చర్చి నుంచి తిన్నగా వచ్చే టీచరమ్మలు, బస్తా ఎత్తబోయి భుజం పట్టేసిన కొట్టు శెట్టిగారు, అందరూ. కాళ్లకూ చేతులకూ ఆవిడ వేసే చింతపండు పట్టు. నడుం పట్టేస్తే మాత్రం నేను! ఎదురుకాళ్లతో, అంటే తలకు బదులు కాళ్లు ముందొచ్చి పుట్టినవాళ్లు మూడుసార్లు తన్నితే పట్టు వదులుతుందని మావాళ్ల నమ్మకం. నేను అలా పుట్టానని నాయనమ్మ ఊరంతా చాటింపు వేసింది. ఆదివారం పొద్దున్నే చాప మీద బోర్లా పడుకున్న పెద్దవాళ్లను దర్జాగా తన్ని, మరమరాల ఉండలు పుచ్చుకునేదాన్ని. తొమ్మిదేళ్లకే ఎంత గర్వమో! మా అక్క మాత్రం తలుపు చాటున నిలబడి కిసుక్కున నవ్వేది.

ఒక ఆదివారం మా లెక్కల మాస్టారు వచ్చారు. ముందురోజే పదమూడో ఎక్కం రాలేదని నా అరచేతులు వాచేట్టు కొట్టిన మనిషి, ఆరోజు సగానికి వంగిపోయి, సైకిలును ఊతకర్రలా పట్టుకుని నడిపించుకుంటూ వచ్చారు. తన్నితే సోమవారం బళ్లో నా గతేంటి? తన్నినా తగ్గకపోతే ఊళ్లో నా పరువేంటి? ముందు ఆయన పాదాలకు దణ్ణం పెట్టుకుని, బొటనవేలితో నడుం మీద రెండుసార్లు అలా తాకించాను.

“ఏంటే, ఎక్కం అప్పజెప్పినట్టు నసుగుతావు? గట్టిగా తన్ను!” అన్నారు మాస్టారు.

అంతే, అరచేతుల మంట గుర్తొచ్చింది. మూడోది ఉన్న బలమంతా పెట్టి తన్నాను. “చచ్చాన్రా దేవుడా!” అంటూ ఆయన లేచి నిటారుగా నిలబడ్డారు. నేను కూలబడ్డాను. నా మడమ బెణికింది! నాయనమ్మ నవ్వాపుకోలేక, నవ్వుతూనే చింతపండు పట్టు వేసి, పాతచీర పేలిక చుట్టి, కాలి కింద దిండు పెట్టింది. కాస్త నెమ్మదించాక, వాపు పూర్తిగా తగ్గేదాకా నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లింది మాస్టారే, దారి పొడుగునా పదమూడో ఎక్కం చెప్పిస్తూ. ఆ ఎక్కం ఇప్పటికీ తడుముకోను.

ఇప్పుడు నా నడుం పట్టేస్తే తన్నే నాథుడు లేడు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని తెలియగానే ఆపరేషన్ చేసేస్తున్నారు. మంచిదే, తల్లులు క్షేమంగా ఉంటున్నారు. కానీ ఎదురుకాళ్ల పిల్లలే కరువైపోయారు. ఈ మాటే ఫోన్లో అక్కతో వాపోతే, అవతల మళ్లీ అదే కిసుక్కుమనే నవ్వు.

“ఎదురుకాళ్లతో పుట్టింది నేనే, పిచ్చిమొహమా! పెద్దవాళ్లని తన్నమంటే సిగ్గేసి ఏడ్చానని నాయనమ్మ నిన్ను ముందుకు తోసింది. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు కూడా వేయించుకుంది.”

“మరి మాస్టారి నడుం ఎలా బాగైందే?”

“నీ కోపానికి జడిసి! రేపు బస్సెక్కి వస్తున్నా, బోర్లా పడుకుని ఉండు.”

ఇంట్లో చాప లేదు. పక్కింట్లో అడిగి తెప్పించాను.