అర్థమైందని తల ఊపినందుకు

మా ఆయన కంప్యూటర్‌లో ప్రోగ్రాములు నడిపే ఒక సాఫ్ట్‌వేర్ గురించి, కొత్తవాళ్ల కోసం తెలుగులో పాఠం రాశారు. మాటలు ఇంకా తేలిక చేయాలని ఈ పొద్దున నాతో చదివించారు. "టెర్మినల్ తెరవండి, ఇది చాలా సులభం" అన్నచోట నేను ఆగిపోయాను. అదేమిటో, ఎక్కడుంటుందో రాయలేదు. అడగడానికి సిగ్గేసి, అర్థమైందని తల ఊపాను.

"ఏడో తరగతి చదివిన నీకే సమజైతే ఇగ ఫికర్ లేదు" అని సంబరంగా దాన్ని ఖానాపూర్‌లో ఉండే మా ఆడబిడ్డ లావణ్యకు పంపారు, తను కొత్తగా ఇదే నేర్చుకుంటోంది.

సాయంత్రం లావణ్య ఫోన్ చేసింది. "వదినా, పొద్దటి సంది పరేషాన్ అయితున్న. గా టెర్మినల్ ఏడుందో దొర్కుతలేదు. నీకు ఒక్కసారికే సమజైందని అన్న చెప్పిండు. నేను డిగ్రీ చదివి ఏం ఫాయిదా? ఇగ నేర్చుకునుడు బంద్" అంది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

ఆయన పక్కనే ఉన్నారు. అయినా చెప్పేశాను. "లావణ్యా, నాకు గుడ సమజ్ కాలే. ఊకెనే తల ఊపిన."

"మరి నాకు చెప్పద్దా?" అన్నారాయన.

"నవ్వుతరనుకున్న."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అప్పటికప్పుడే 'చాలా సులభం' కొట్టేసి, టెర్మినల్ అంటే కంప్యూటర్‌కు ఆదేశాలు టైపు చేసే కిటికీ అని, దాన్ని ఎలా తెరవాలో వివరంగా రాసి మళ్లీ పంపారు. లావణ్య మాత్రం "సూస్త తియ్ వదినా" అని ఫోన్ పెట్టేసింది. రేపు మళ్లీ కూర్చుంటుందో లేదో తెలియదు.

అర్థం కాలేదని సిగ్గు లేకుండా ఎలా చెప్పాలో, తెలిసినవాళ్లు కాస్త రాయండి.